ఎల్ల నడిచిన ఓబులక్క

అనగా అనగా, మీ తాతకు తాత ఇంకా ఉగ్గుగిన్నె వదలని కాలంలో, రెండు ఊళ్ళుండేవి. ఒకటి కొర్రచేలపల్లె. ఇంకొకటి ఉలవలదిన్నె. నడుమ ఒక రాళ్ళగుట్ట. గుట్ట అడుగున ఒక చెలమ. ఇసుకను చేత్తో తోడితే చాలు, నీళ్ళు ఊరేవి. ఎంత తోడినా ఊరేవి.

కొర్రచేలపల్లెలో ఓబులక్క పుట్టింది. ఆమె రాణి కాదు, దేవుడు పూనిన మనిషి కాదు, మందూ మాకూ తెలిసిన మనిషి కూడా కాదు. మేకలు కాసింది. పుట్టింట్లో ఉన్నన్నాళ్ళూ నాయన మేకలు కాసింది. పన్నెండో ఏట గుట్ట అవతల ఉలవలదిన్నెకు కోడలై పోయి మామ మేకలు కాసింది. మొగుడు పోయాక కొడుకు సుంకన్న మేకలు కాసింది. మేకలకు ఈ తేడాలేమీ తెలియవు. ఎవరివైనా ఒకే మాదిరిగా కంచె దూకేవి, ఓబులక్క ఒకే మాదిరిగా తిట్టేది.

రెండు ఊళ్ళకూ దూరమెంత? ఇక్కడ పొయ్యి రాజేస్తే అక్కడికి పొగ కనబడేంత. అయినా ఓబులక్క పుట్టింటి గడప తొక్కి ఇరవై ఏళ్ళయింది. ఒక తిరునాళ్ళలో రెండు ఊళ్ళ ఎద్దులు బండలాగుడు పందెంలో దిగాయి. ఏ ఎద్దు గెలిచిందో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. కర్రలు లేచాయి, తలలు పగిలాయి, రాకపోకలు ఆగిపోయాయి. పిల్లనిచ్చేది లేదు, పిల్లను తెచ్చుకునేది లేదు. ఓబులక్క నాయన పోతే ఆమెకు కబురే రాలేదు. రోజూ పొద్దున మేకల్ని గుట్ట మీదికి తోలి, పుట్టింటి వైపు చూసేది. తమ్ముడు కెంచన్న ఇంటి మీద పొగ లేస్తే, వీడు ఇవాళ తింటాడు అనుకుని దిగి వచ్చేది. ఇరవై ఏళ్ళు ఆమెకు పుట్టిల్లంటే ఆ పొగే.

ఇక ఎల్లరాళ్ళ సంగతి చెప్పాలి. వెనక ఎప్పుడో పెద్దలు రెండు ఊళ్ళ పొలిమేర మీద రాళ్ళు పాతారు. ఒక ఏడు వంక పొంగి ఆ రాళ్ళన్నీ పెకిలించుకు పోయింది. వరద తగ్గాక అవి ఇసుకలో పడి ఉన్నాయి. మళ్ళీ పాతాలి కదా? పాతలేదు. నున్నటి రాళ్ళు, చదునైన రాళ్ళు, ఊరికే దొరికిన రాళ్ళు, ఎవరు వదులుకుంటారు? ఒకటి కొర్రచేలపల్లె పెద్దారెడ్డి పెరట్లో నీళ్ళు పోసుకునే రాయి అయింది. ఒకటి ఉలవలదిన్నె మద్దిలేటిరెడ్డి ఇంటి ముందు మెట్టు అయింది. మిగిలినవి బట్టలు ఉతకడానికీ పచ్చడి నూరడానికీ పోయాయి. ఒక రెడ్డి రోజూ ఎల్ల మీద కూర్చుని స్నానం చేసేవాడు. ఇంకో రెడ్డి రోజూ ఎల్ల తొక్కి ఇంట్లోకి పోయేవాడు. నీళ్ళున్నన్నాళ్ళూ ఎల్ల ఎక్కడని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

తర్వాత వాన మానేసింది. మొదటి ఏడు కొర్రచేలపల్లె బావిలో అడుగు కనబడింది. రెండో ఏడు బురద మిగిలింది. మూడో ఏడు ఆ బురద కూడా పెళ్ళలు పెళ్ళలుగా ఎండింది. ఉలవలదిన్నెలో రెండు బావులు ఇంకా తడిగా ఉన్నాయి, కానీ మద్దిలేటిరెడ్డికి పెద్ద ఆకుతోట ఉంది. తమలపాకు తీగ మనిషికన్నా ఎక్కువ తాగుతుంది. ఆయన చెలమ చుట్టూ ముళ్ళకంప కొట్టించి, "ఇది మా ఎల్లలోది" అన్నాడు. పెద్దారెడ్డి వచ్చి, "కాదు, మాది" అన్నాడు. కొర్రచేలపల్లె ఆడవాళ్ళు ఖాళీ కడవలతో వచ్చి ఖాళీ కడవలతో తిరిగిపోయారు. చెలమ దక్కకపోతే ఊరు లేచిపోవాల్సిందే. కెంచన్న ఇంట్లో అప్పటికే మూటలు కట్టి వాకిట్లో పెట్టారు. పొయ్యి రాజేయక రెండు రోజులయింది. ఓబులక్క గుట్ట మీద నిలబడి రెండు రోజులూ పొగ కోసం చూసింది.

ఎల్ల తెలిసినవాళ్ళు ఎవరు? మొదట కరణాన్ని అడిగారు. కరణం తాటాకుల కట్ట విప్పితే పిడికెడు చెదలమట్టి రాలింది. తర్వాత కొర్రచేలపల్లెలో అందరికన్నా ముసలాయన్ను అడిగారు. ఆయన పొద్దున ఒక చోటు చూపించాడు, మధ్యాహ్నం ఇంకో చోటు చూపించాడు, సాయంత్రం అడిగితే మీరెవరన్నాడు. మూడోసారి ఉలవలదిన్నె తలారిని అడిగారు.

తలారి తల గోక్కున్నాడు. "నాకు తెల్దు సామీ. మా ఈరతాతకు తెలుసు. ఎల్ల దాటొచ్చిన మేకల్ని పట్టి బందెలదొడ్లో కట్టేసింది ఆయనే గదా. ఆయన పోయినాడు. అయితే ఆయన చేత రోజూ పట్టుబడిన పిల్ల ఒకతి బతికే ఉండాది."

"ఎవరది?"

"మన సుంకన్న వాళ్ళమ్మ, ఓబులక్క."

మద్దిలేటిరెడ్డి మొహం వికసించింది. మా ఊరి కోడలు, మాకే చెబుతుంది అనుకున్నాడు. పెద్దారెడ్డి మొహం కూడా వికసించింది. మా ఊరి ఆడబిడ్డ, మమ్మల్ని కాదంటుందా అనుకున్నాడు. ఆడమనిషి ఎల్ల నడవడమేమిటని కొందరు గొణిగారు. గొణిగినవాళ్ళలో ఎవరికీ ఎల్ల తెలియదు కాబట్టి ఊరుకున్నారు.

ఎల్ల నడవడమంటే ఆషామాషీ కాదు. రెండు ఊళ్ళ మన్ను దోసెడు దోసెడు తెచ్చి, రెండు ఊళ్ళ నీళ్ళు పోసి ముద్ద చేస్తారు. ఆముదపాకు మీద ఆ ముద్ద పెట్టి, సాక్షి నెత్తిన పెడతారు. నెత్తిన మన్ను ఉన్నంతసేపూ సాక్షి నోట వచ్చినదంతా సాక్ష్యమే. మధ్యలో ఎవరూ ఆపకూడదు. ముద్ద కింద పడినా, ఎండి పొడి అయినా సాక్ష్యం చెల్లదు, ఎల్ల ఎవరికీ లేదు. ఎండిపోతుందనిపిస్తే తడపవచ్చు, కానీ రెండు ఊళ్ళవాళ్ళూ చెరి ఒక చెంబు పోయాలి. ఒక ఊరి నీళ్ళు పోస్తే అది ఆ ఊరి మన్ను అయిపోతుంది.

తెల్లారి ఓబులక్క తలస్నానం చేసి తడిచీరతో గుట్ట దగ్గరికి వచ్చింది. మద్దిలేటిరెడ్డి మనిషి నిండు చెంబు తెచ్చాడు. పెద్దారెడ్డి సగం చెంబు తెచ్చాడు. అది ఊళ్ళో ఇంటింటికీ తిరిగి పోగు చేసిన నీళ్ళు. రంగు చూస్తే నీళ్ళని ఎవరూ అనరు. తలారి మన్ను కలిపి ముద్ద చేసి ఆమె నెత్తిన పెట్టాడు.

కెంచన్న ముందుకు వచ్చాడు. ఇరవై ఏళ్ళ కిందట నల్లగా ఉన్న జుట్టు తెల్లబడింది. ఆమెకు తమ్ముణ్ణి పట్టుకుని ఏడవాలనిపించింది. నెత్తిన మన్ను ఉంది, కదలకూడదు. వాడే మెల్లగా అన్నాడు.

"అక్కా, నా మనవరాలికి నిన్నటి నుంచి గుక్కెడు నీళ్ళు దొరికితే ఒట్టు. నువ్వే చూసుకోవాల."

ఓబులక్క ముద్ద పడకుండా మెడ నిలిపింది. నడిచింది. వెనక రెండు ఊళ్ళూ నడిచాయి.

నడిచి నడిచి జారుడుబండ దగ్గరికి వచ్చింది. ఏనుగు పడుకున్నంత బండ. అది చూడగానే ఆమెకు అరవై ఏళ్ళ వయసు సగం తగ్గింది. ఆగి చెప్పింది.

"నెత్తిన మన్ను, కాళ్ళ కింద మన్ను, నడుమ నేనుండా. ఈ బండ మీద రెండు గాళ్ళు ఉండాయి చూడండి. ఈ పక్కది కొర్రచేలపల్లె పిల్లోళ్ళు జారిన గాడి. ఆ పక్కది ఉలవలదిన్నె పిల్లోళ్ళు జారింది. ఒకరి గాళ్ళో ఒకరు జారితే తన్నుకునేవాళ్ళం. కొత్త పావడా చినిగిందని మాయమ్మ నన్ను చింతబరికెతో కొట్టింది. రెండు గాళ్ళ నడుమ గీత పోతుంది."

జనం వంగి చూశారు. నాచు గోకి చూస్తే గాళ్ళు రెండు, నున్నగా, అద్దంలా ఉన్నాయి. పెద్దారెడ్డి వాటిని చేత్తో తడిమి, "నిజమే. ఇక్కడ నా గోచి చినిగింది" అన్నాడు. మద్దిలేటిరెడ్డి అటు గాడి తడిమి, "నన్ను నువ్వే గదరా ఈడ తోసింది, పన్ను ఊడింది" అన్నాడు. ఇద్దరూ నవ్వబోయి, తగవు గుర్తొచ్చి మొహాలు తిప్పుకున్నారు.

మళ్ళీ నడిచింది. నడిచి నడిచి పగులురాయి దగ్గరికి వచ్చింది. నిలువునా బీటలు వారిన పెద్ద రాయి.

"నెత్తిన మన్ను, కాళ్ళ కింద మన్ను, నడుమ నేనుండా. మేకల్ని తోలుకోని ఈ రాయి దాటొద్దని మా నాయన చెప్పినాడు. దాటితే ఈరతాత పట్టుకుంటాడు. అందుకని ఈడనే కూర్చొని అచ్చనగాయలు ఆడుకునేదాన్ని. పెండ్లినాడు నా గచ్చకాయల్ని ఈ పగుల్లో దాచి పోయినా. రేపు తిరిగొస్తా గదా అనుకున్యా."

"పామైనా ఉంటుంది, చెయ్యి పెట్టొద్దమ్మా" అని సుంకన్న అరిచాడు. ఆమె మన్ను పడకుండా మోకాళ్ళ మీద కూర్చుని, పగుల్లో మోచేతి దాకా చెయ్యి పెట్టింది. ఎండుటాకులు తీసింది, నత్తగుల్ల తీసింది, తర్వాత పిడికిలి బయటికి తీసి విప్పింది. బూడిదరంగు గచ్చకాయలు. నలభై ఎనిమిదేళ్ళు గడిచినా గీత పడలేదు. జనం నోళ్ళు తెరిచారు.

"నాలుగే ఉండాయే" అన్నాడు కరణం. లెక్క తప్పితే ఆయనకు నిద్ర పట్టదు.

"ఐదోది మేక మింగింది. అదీ సాక్షమే, రాసుకోండి" అంది ఓబులక్క. గచ్చకాయల్ని కొంగున కట్టుకుంది.

ఇక మిగిలింది చెలమ. అక్కడి నుంచి ఎల్ల చెలమకు ఎడమగా పోతే నీళ్ళు ఉలవలదిన్నెవి. కుడిగా పోతే కొర్రచేలపల్లెవి. అడుగులో తేడా. జనమంతా ఆమె పాదాల వంక చూస్తున్నారు. పుట్టింటి ఆడవాళ్ళు ఖాళీ కడవలు చంకన పెట్టుకుని నిలబడ్డారు.

ఓబులక్క ఆగిపోయింది. ఎల్ల ఎటు పోతుందో ఆమెకు తెలుసు. కన్ను మూసినా తెలుసు. ఇక్కడే, ఈ ఇసుకలోనే, తొమ్మిదేళ్ళ వయసులో ఆమె బుల్లిమేక ఎల్ల దాటి పచ్చగడ్డి కొరికింది. ఈరతాత తుప్పల వెనక నుంచి లేచి దాని చెవి పట్టాడు. చెలమ ఉలవలదిన్నెది కాబట్టే పట్టాడు. ఒక్క అడుగు అటు వేస్తే ఎవరికి తెలుస్తుంది? ఈరతాత లేడు. నాయన లేడు. మేక ఎప్పుడో పోయింది. చూసినవాళ్ళలో ఆమె ఒక్కతే మిగిలింది. ఆమెకు భయమేసింది. తప్పు చేయడానికి ఇంత తేలికైన చోటు ఆమె బతుకులో ఎప్పుడూ తగల్లేదు.

తమ్ముడి మొహం చూడలేదు. చూస్తే కాళ్ళు మాట వినవు.

"నెత్తిన మన్ను, కాళ్ళ కింద మన్ను, నడుమ నేనుండా. ఈ ఇసకలోనే ఈరతాత నా మేకను పట్టినాడు" అని, ఎడమకు నడిచింది.

ఉలవలదిన్నె వాళ్ళు కేకలేశారు. కొర్రచేలపల్లె ఆడవాళ్ళలో ఒకామె కడవ జారవిడిచింది. అది పగిలింది. దాంట్లో ఒలకడానికి ఏమీ లేదు. కెంచన్న కింద కూలబడ్డాడు.

"అక్కా, పుట్టింటి గొంతు కోసినావు గదే" అన్నాడు.

మద్దిలేటిరెడ్డి మీసం దువ్వుకుంటూ వచ్చాడు. "మా కోడలంటే కోడలు. చాలమ్మా, దించు ఇంక."

"ఐపోలేదు సామీ" అంది ఓబులక్క. చెలమ పక్కన ఇసుకలో చదికిలబడింది. "మేకను పట్టింది చెప్పినా. మిగతాది చెప్పాల గదా."

"ఎల్ల అడిగినాం, తేలిపాయ. కథలు అడగల్యా."

"నెత్తిన మన్ను ఉండేంతవరకూ నేను చెప్పిందల్లా సాక్షమే అని మీరే గదా అన్నారు. వినండి. ఈరతాత మేక చెవి పట్టుకున్యాడు. నేను ఏడ్సినా. గొంతు ఎండి ఏడుపు గూడా సరిగ్గా రాల్యా. ఆయన నా మొగం చూసి, ముందు నీళ్ళు తాగు పాపా, అన్యాడు. నేను తాగను, ఇవి మీ ఊరివి అన్యా. ఆయన ఇసక తోడి నా దోసిట్లో నీళ్ళు పోసినాడు. గడ్డి మేసినందుకు మేకను కట్టేస్తా, నీళ్ళు తాగినందుకు ఎవురినీ కట్టేయం, మా ఊరు పుట్టినప్పటి నుంచి ఇదే కట్టడి అన్యాడు. నేను తాగినాకనే మేకను తోలుకోని పోయినాడు. గడ్డి ఉలవలదిన్నెది. చెలమా ఉలవలదిన్నెదే. ఎవురి కడవకైనా ఈడ అడ్డం లేదు. ఇదీ సాక్షం."

మద్దిలేటిరెడ్డి మీసం మీద చెయ్యి తీశాడు. తలారి వంక తిరిగాడు. తలారి నేల చూపులు చూస్తూ, "మా తాత అట్లనే అనేవాడు సామీ" అన్నాడు.

"నేనొప్పుకోను" అన్నాడు రెడ్డి.

"ఒప్పుకున్యాకే దించుతా" అంది ఓబులక్క.

ఎండ ఎక్కింది. ముద్ద పైన తెల్లబడింది. కాసేపటికి సన్నగా పగిలింది. ఒక పలుకు రాలి ఆమె భుజం మీద పడింది. మన్ను పొడి అయితే సాక్ష్యం పోతుంది. సాక్ష్యం పోతే గెలిచిన ఎల్ల కూడా పోతుంది. రెడ్డికి చెమటలు పట్టాయి. అది ఎండకు పట్టిన చెమట కాదు.

సుంకన్న చెంబుతో పరుగున వచ్చాడు. "అమ్మా, కదలొద్దు, తడుపుతా."

"ఒక ఊరి నీళ్ళు పోస్తే సాక్షం చెడుతుంది నాయనా. మా పుట్టింటోళ్ళను గూడా పొయ్యమను."

పుట్టింటివాళ్ళ దగ్గర నీళ్ళేవి? ఉన్న సగం చెంబూ పొద్దునే అయిపోయింది. కెంచన్న పెళ్ళాం ఖాళీ కడవతో కంప అవతల నిలబడి ఉంది. ఆమె కడవలో నీళ్ళు పడాలంటే ఆ చెలమలోంచే పడాలి. అందరికీ ఒక్కసారే ఆ సంగతి తట్టింది.

రెండో పలుకు రాలింది. మూడో పలుకు రాలింది.

మద్దిలేటిరెడ్డి కంప వైపు చూశాడు. జారుడుబండ వైపు చూశాడు. పెద్దారెడ్డి వైపు మాత్రం చూడలేదు.

"ముంచుకోనీరా" అన్నాడు.

సుంకన్న తన చేత్తోనే కంప లాగేశాడు. కెంచన్న పెళ్ళాం కడవ ముంచింది.

"ఈ ఒక్క పూటకేనా సామీ?" అంది ఓబులక్క. మెడ నరాలు లాగుతున్నాయి, గొంతు మాత్రం మేకల్ని అదిలించినప్పటిలాగే ఉంది.

"వానొచ్చినా, రాకున్నా. ఎప్పటికీ. దించు తల్లీ, నీకు దండం పెడతా."

కొడుకు ఒక చెంబు పోశాడు. మరదలు ఒక చెంబు పోసింది. తడిసిన మన్నును ఓబులక్క తన చేతులతో దించి చెలమ గట్టున పెట్టింది. అప్పుడు తమ్ముణ్ణి పట్టుకుని ఏడ్చింది. ఇరవై ఏళ్ళ ఏడుపు కదా, చాలాసేపు ఏడ్చింది. ఆ పూట కెంచన్న ఇంట్లో పొయ్యి రాజింది. ఆమె ఆ పొగను గుట్ట మీద నుంచి కాదు, పొయ్యి ముందు కూర్చుని కళ్ళు మండుతుండగా చూసింది.

తర్వాత ఏడేళ్ళు బతికింది. మేకలే కాసింది. ఎవరూ ఆమెకు మాన్యం ఇవ్వలేదు, ఆమె అడగలేదు. ఒకనాడు పొద్దుటిపూట పగులురాయి నీడలో కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. మేకలు సాయంత్రం వాటంతటవే ఇంటికి వచ్చాయి.

రెండు ఊళ్ళూ మళ్ళీ కొట్లాడుకున్నాయి. మా ఆడబిడ్డ అని ఒకరు, మా కోడలు అని ఒకరు. చివరికి చెలమ గట్టున, ఆమె మన్ను దించిన చోటే పూడ్చారు. పెద్దారెడ్డి తన స్నానాల రాయి మోయించుకొచ్చి తలాపున వేశాడు. మద్దిలేటిరెడ్డి ఇంటి ముందు మెట్టు పీకించి కాళ్ళ దగ్గర వేశాడు. చాకిరేవులోవి, నూరుడు రాళ్ళు, ఇళ్ళల్లో చేరిన ఎల్లరాళ్ళన్నీ ఒక్కొక్కటే వచ్చాయి. కొన్నాళ్ళు రెండు ఊళ్ళలోనూ పచ్చడి సరిగ్గా నలగలేదట.

ఇప్పటికీ ఆ రెండు ఊళ్ళ ఆడపిల్లలు అచ్చనగాయలు నాలుగింటితోనే ఆడతారు. ఐదోదేది అని అడిగితే, ఓబులక్క మేక మింగింది అంటారు. ఎవరైనా సగం విని తీర్పు చెప్పబోతే, "ఉండప్పా, ఓబులక్క ఇంకా మన్ను దించల్యా" అంటారు.

ఇంకొక ఆచారం కూడా ఉంది. ఊరు వదిలి పోయినవాళ్ళు ఎన్నేళ్ళకు తిరిగొచ్చినా ముందు చెలమ దగ్గర ఆగుతారు. తామిప్పుడు ఉంటున్న ఇంటి దగ్గర నుంచి తెచ్చిన రాయి ఒకటి ఓబులక్క రాళ్ళదిబ్బ మీద పెడతారు. దోసెడు నీళ్ళు తాగుతారు. చిటికెడు మన్ను నెత్తిన పెట్టుకుని, చిన్నప్పుడు ఆ ఊళ్ళో తమకు జరిగినది ఒకటి చెబుతారు. మంచిదే చెప్పాలని లేదు. దెబ్బలు తిన్నది చెప్పినా సరే, ఎవరి మేక చెవి ఎవరు పట్టుకున్నారో చెప్పినా సరే. దెబ్బల దగ్గర మాత్రం ఆపకూడదు. ఆ తర్వాత నీళ్ళు ఎవరు పోశారో కూడా చెప్పాలి. అది గుర్తొచ్చేదాకా మన్ను దించరు. కొందరు పొద్దుగూకేదాకా కూర్చుంటారు.

నాకు గుర్తున్నదంతా చెప్పేశాను. ఇదిగో, నా నెత్తిన మన్ను దించుతున్నా.